ఫోన్ 80 వాట్లు, పవర్ బ్యాంకు 20,000 ఎంఏహెచ్... అయినా చార్జింగ్ నత్తనడకే!

పేరు వేయవద్దంటూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆవిడ ఫిజియోథెరపిస్టు. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లకు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు ఇళ్లకే వెళ్లి వ్యాయామాలు చేయిస్తారు. రోజుకు ఐదారు ఇళ్లు తిరగాలి. దారి చూపించేది ఫోనే, అపాయింట్‌మెంట్లు వచ్చేది ఫోన్‌కే, డబ్బులు పడేదీ అందులోనే. కొని రెండేళ్లయిన ఆ ఫోన్ మధ్యాహ్నం మూడింటికల్లా ఎర్రగీత చూపిస్తోంది. ఒకరోజు దారి మధ్యలోనే ఆగిపోవడంతో, మంచం మీదున్న ఒక పెద్దాయన గంటన్నర ఎదురుచూడాల్సి వచ్చింది. "ఆ రోజు వాళ్లమ్మాయి అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది" అని రాశారు.

ఈ అవస్థ చూసి ఆవిడ అన్నయ్య 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొనిచ్చారు. దాని మీద 22.5 వాట్ల ఫాస్ట్ చార్జింగ్ అని పెద్దక్షరాలతో ఉంది. ఫోన్‌తో వచ్చిన 80 వాట్ల సూపర్‌వూక్ చార్జర్‌తో ముప్పావుగంటలోపే నిండిపోయే ఫోన్, ఈ పవర్ బ్యాంకుతో అరగంటకు 15 శాతం కూడా ఎక్కడం లేదు. పవర్ బ్యాంకు నిండాలంటే రాత్రంతా పెట్టినా చాలడం లేదు. పైగా బరువు. అన్నయ్యేమో ఎలక్ట్రానిక్ వస్తువుల విషయంలో ఇంటిల్లిపాదికీ సలహాదారు. ఫోన్ చేసినప్పుడల్లా "ఎలా పనిచేస్తోందిరా?" అని అడుగుతారట, ఈవిడ "సూపర్ అన్నయ్యా" అనేస్తున్నారు. భర్త "పవర్ బ్యాంకు కాదు, ఫోనే మార్చెయ్" అంటున్నారు. కొట్టులో అడిగితే 27,000 ఎంఏహెచ్, 65 వాట్లది చూపించి, పేరున్న కంపెనీది కాబట్టి ఏ భయమూ అక్కర్లేదన్నారు. తోటి డాక్టరమ్మ ఫోన్ వెనక అతుక్కునే వైర్‌లెస్ రకం తీసుకోమన్నారు. వచ్చే నెల అమ్మానాన్నలతో విమాన ప్రయాణం కూడా ఉంది.

"ఏది కొనను? ఎక్కువ వాట్లది పెడితే ఫోన్ పాడవుతుందా? అన్నయ్యకి ఏం చెప్పను?" అన్నవి ప్రశ్నలు. చివర్లో ఇంకొకటి: ఇయర్‌బడ్స్ ఈ పవర్ బ్యాంకుకి పెడితే కాసేపటికే చార్జింగ్ ఆగిపోతోంది, ఎందుకని? పవర్ బ్యాంకు వెనకవైపు ఫొటో, చార్జర్ ఫొటో కూడా తీసి పంపారు. ఆ పని చేసినందుకు ఆవిడకు ముందే థ్యాంక్స్ చెప్పాలి. సమాధానంలో సగం ఆ ఫొటోల్లోనే ఉంది.

సమాధానం:

ముందు మీ మనసులోని అనుమానం తీర్చేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ అన్నయ్య మోసపోలేదు, మీకిచ్చింది డొల్ల వస్తువూ కాదు. దానికీ మీ ఫోన్‌కీ పొత్తు కుదరలేదు, అంతే. అసలు కొత్తది కొనాలా వద్దా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోకండి. ఒక కేబుల్‌తో, ఒక అరగంటలో చేసే పరీక్ష ఉంది. అది అయ్యాకే కొట్టుకి వెళ్లండి.

ఎంఏహెచ్ అంటే లోపల ఎంత నిల్వ ఉందో చెప్పే లెక్క. అది ఎంత వేగంగా బయటికి వస్తుందో చెప్పేది వాట్లు. 20,000 అని చూసి వేగం కూడా ఆ స్థాయిలో ఉంటుందనుకోవడం సహజమే, డబ్బాల మీద అంత పెద్దక్షరాలు వేసేదీ అందుకే. ఇక ఆ 20,000 అయినా మీ ఫోన్‌కి మొత్తం అందదు. అది లోపలున్న సెల్స్‌కి, వాటి 3.7 వోల్టుల దగ్గర కట్టిన లెక్క. గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు, అంటే లోపలున్న మొత్తం శక్తి. దాన్ని 5 వోల్టులకో 9 వోల్టులకో పెంచి బయటికి పంపేటప్పుడు కొంత వేడి రూపంలో పోతుంది. మీరు పంపిన ఫొటోలో కింద చిన్నక్షరాలతో "రేటెడ్ కెపాసిటీ 12,000 ఎంఏహెచ్, 5 వోల్టుల వద్ద" అని ఉంది చూడండి, నిజం చెప్పేది ఆ లైనే. అంటే చేతికి వచ్చేది 60 వాట్ అవర్లు. మీ ఫోన్‌లోని 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ సుమారు 19 వాట్ అవర్లు పడుతుంది. కాబట్టి, ఎక్కేటప్పుడు ఫోన్‌లో వేడిగా పోయేది తీసేస్తే, మూడుసార్లకు కాస్త తక్కువగా నింపగలదు. మీకు రోజుకు కావాల్సింది ఒకసారి నిండటం, మహా అయితే ఒకటిన్నర. నిల్వ మీ సమస్యే కాదని దీన్నిబట్టే తెలుస్తోంది. రోజూ భుజాన మోస్తున్న బరువులో సగం మీకు అక్కరకు రాని బరువు.

ఇక వేగం సంగతి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ఫోన్‌కి వైరు తగిలించగానే కరెంటు దానంతటది తోసుకొచ్చేయదు. ఎన్ని వోల్టులు, ఎన్ని యాంపియర్లు అన్నదాని మీద ముందు ఫోనూ, పవర్ బ్యాంకూ బేరం కుదుర్చుకుంటాయి. ఇద్దరికీ తెలిసిన పద్ధతి ఒకటుండాలి. కుదిరితే వేగంగా ఎక్కుతుంది, కుదరకపోతే అందరికీ తెలిసిన 5 వోల్టుల దగ్గర రాజీ పడతాయి. ఆ పద్ధతులేమో ఒకటి కాదు. యూఎస్‌బీ పవర్ డెలివరీ, అంటే పీడీ, అందరి కోసం పెట్టినది. అందులోనే పీపీఎస్ అని ఇంకో మెట్టు ఉంది. వోల్టేజీని చిన్న చిన్న అడుగుల్లో ఫోన్ అడిగినట్టల్లా మార్చి ఇవ్వడం దాని పని. శాంసంగ్ ఫోన్లు 25 వాట్ల సూపర్ ఫాస్ట్‌కి వెళ్లాలంటే ఈ పీపీఎస్ ఉండాలి. ఫోన్ చిప్‌లు చేసే క్వాల్‌కామ్ వాళ్ల క్విక్ చార్జ్ వేరు. హువావే వాళ్లది వేరు. మీ ఫోన్ వాడే సూపర్‌వూక్ ఇంకా వేరు. 2014లో ఒప్పో మొదలుపెట్టిన వూక్ పద్ధతి పెరిగి ఇంతైంది. వోల్టులు మరీ పెంచకుండా యాంపియర్లు బాగా పెంచుతుంది. అందుకే దానికి సొంత చార్జరూ, సొంత కేబులూ కావాలి.

ఇప్పుడు మీ పవర్ బ్యాంకు వెనకవైపు ఏముందో చూద్దాం. యూఎస్‌బీ-ఎ, అంటే వెడల్పాటి పాత పోర్టు పక్కన: 5 వోల్టులు 4.5 యాంపియర్లు, 9 వోల్టులు 2 యాంపియర్లు, 12 వోల్టులు 1.5 యాంపియర్లు. ఐదును నాలుగున్నరతో గుణించండి, 22.5. డబ్బా మీద పెద్దక్షరాలతో వేసిన అంకె ఇదే. కానీ 5 వోల్టుల దగ్గర నాలుగున్నర యాంపియర్లు తీసుకోవడం హువావే పద్ధతి తెలిసిన ఫోన్లకే చేతనవుతుంది. మీ ఫోన్‌కి ఆ పద్ధతి తెలియదు. మిగిలిన రెండూ క్విక్ చార్జ్ కోసం. మీరేమో ఫోన్‌తో వచ్చిన కేబుల్‌నే, దాని వెడల్పాటి కొసను ఈ పోర్టులోనే పెడుతున్నారు. అంటే మీ ఫోన్ సూపర్‌వూక్ కోసం వెతికి, అది లేదని తెలుసుకుని, 5 వోల్టులు 2 యాంపియర్లతో సరిపెట్టుకుంటూ ఉండాలి. పది వాట్లు. అరగంటకు 5 వాట్ అవర్లు వస్తాయి, అందులో కొంత వేడికి పోతుంది, ఇంకొంత అదే సమయంలో వెలుగుతున్న స్క్రీనూ, మ్యాపూ తినేస్తాయి. మిగిలేది మీరు రాసిన ఆ పదిహేను శాతమే. లెక్క అతికినట్టు సరిపోయింది.

అదే ఫొటోలో టైప్‌-సి పోర్టు పక్కన చూడండి: 5 వోల్టులు 3 యాంపియర్లు, 9 వోల్టులు 2.22 యాంపియర్లు. ఇది పీడీ. 20 వాట్లు. ఈ పోర్టుని మీరు పవర్ బ్యాంకు నింపుకోవడానికి తప్ప వాడినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. అందులోంచి కూడా బయటికి ఇస్తుందని చాలామందికి తెలియదు.

కాబట్టి మొదటి పని, రెండు కొసలా టైప్‌-సి ఉన్న మంచి కేబుల్ ఒకటి సంపాదించండి. ఇంట్లో ఎవరి లాప్‌టాప్‌దో, ట్యాబ్‌దో ఉంటే అరువు తెచ్చుకోండి. ఫోన్ 20, 30 శాతంలో ఉన్నప్పుడు టైప్‌-సి పోర్టుకి పెట్టి, స్క్రీన్ ఆపేసి, అరగంట వదిలేయండి. అంతకు ముందు ఎంతుందో, తర్వాత ఎంతుందో కాగితం మీద రాసుకోండి. ఆ సమయంలో రెండో పోర్టులో ఇంకేమీ పెట్టొద్దు. మీ పవర్ బ్యాంకు మీదే "రెండూ వాడితే మొత్తం 5 వోల్టులు 3 యాంపియర్లు" అని రాసి ఉంది. అంటే ఫోన్‌తో పాటు ఇయర్‌బడ్స్ కూడా తగిలిస్తే చాలు, ఫాస్ట్ చార్జింగ్ మొత్తం ఆగిపోతుంది. మీరు ఇన్నాళ్లూ రెండూ కలిపి పెడుతుంటే నత్తనడకకు అదీ ఒక కారణమే.

ఫలితం రెండు రకాలుగా ఉండొచ్చు. మీ ఫోన్ పీడీకి ఒప్పుకుంటే అరగంటకు 35 శాతం, ఆ చుట్టుపక్కల ఎక్కాలి. ఒప్పుకోకపోతే ఇప్పటికీ అప్పటికీ పెద్ద తేడా ఉండదు. సూపర్‌వూక్ ఫోన్లన్నీ ఈ విషయంలో ఒకేలా ఉండవు. కొన్ని పరాయి చార్జర్ చూస్తే 5 వోల్టుల దగ్గరే ఆగుతాయి, కొన్ని పీడీతో 9 వోల్టులకు వెళ్తాయి, ఈమధ్య వచ్చినవాటిలో కొన్ని పీపీఎస్‌తో ఇంకా పైకి వెళ్తాయి. అందుకే పరీక్ష చేయమంటున్నాను. కొట్టువాడి మాటా, నా మాటా రెండూ కాదు, మీ ఫోన్ ఏం చేస్తుందో అది ముఖ్యం.

పరీక్షలో ఫోన్ ఒప్పుకుందనుకోండి. అప్పుడు మీరు ఏమీ కొనకుండానే గట్టెక్కొచ్చు. ఇళ్ల మధ్య ప్రయాణంలో ఒక అరగంట, భోజనం దగ్గర ఒక అరగంట పెట్టుకుంటే మూడింటి గండం దాటిపోతుంది. దీనికి మీరు చెల్లించేది బరువు. 20,000 ఎంఏహెచ్‌వి 350 నుంచి 450 గ్రాముల దాకా తూగుతాయి. మనుషుల్ని లేపి కూర్చోబెట్టే పని చేసే మీ భుజానికి ఆ బరువు రోజంతా అవసరమా అన్నది మీరే తేల్చుకోవాలి.

బరువే అసలు బాధ అయితే, రోజువారీ సంచికి 10,000 ఎంఏహెచ్‌ది చిన్నది తీసుకుని, పెద్దదాన్ని ఇంటికీ ప్రయాణాలకీ ఉంచుకోవచ్చు. 10,000 అంటే 37 వాట్ అవర్లు, చేతికి 30 అందుతాయి, మీ ఫోన్‌ని ఒకసారి నింపి ఇంకొంత మిగులుతుంది. బరువు 200 గ్రాములకు అటూఇటూ. మీ స్థానంలో ఉంటే నేను ఇదే చేస్తాను. కానీ కొనేటప్పుడు డబ్బా ముందువైపు చూడకండి, వెనక్కి తిప్పండి. టైప్‌-సి అవుట్‌పుట్ దగ్గర 30 వాట్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. దాని కిందే "పీపీఎస్: 3.3–11 వోల్టులు, 3 యాంపియర్లు" లాంటి లైను ఒకటి ఉండాలి. పీపీఎస్ అన్న మాటే కనపడకపోతే పక్కన పెట్టేయండి. ఈరోజు మీ ఫోన్‌కి అది పనికొచ్చినా రాకపోయినా, ఇంట్లో శాంసంగ్ ఉంటే దానికి పనికొస్తుంది, రేపు మీరు ఫోన్ మారిస్తే దానికీ పనికొచ్చే అవకాశం ఎక్కువ. యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి అమ్మే కొత్త ఫోన్లకు టైప్‌-సి ఉండాలి, 15 వాట్లు దాటి చార్జ్ అయ్యేవైతే తమ సొంత పద్ధతితో పాటు పీడీ కూడా తెలిసి ఉండాలి. అంత పెద్ద మార్కెట్‌లో ఈ నియమం వచ్చాక కంపెనీలు పూర్తిగా తమ గిరి గీసుకుని కూర్చోవడం కష్టం.

మూడోది, సూపర్‌వూక్‌నే ఇచ్చే పవర్ బ్యాంకు వెతికి కొనడం. అలాంటివి ఉన్నాయి, తక్కువే. దొరికితే మీ ఫోన్‌కి దానంత వేగం ఇంకోటి ఇవ్వదు. పది నిమిషాల విరామంలో కూడా చెప్పుకోదగ్గంత ఎక్కుతుంది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పరుగెత్తే మీకు అది ఆశ పుట్టించే విషయమే. అయితే దాని మీద వూక్ అని ఉంటే సరిపోదు, ఎన్ని వాట్లన్నది చూడాలి. మొదటి తరం వూక్ 20 వాట్లే. ఇంకో సంగతి, ఆ వేగం మీ కంపెనీ ఫోన్ ఉన్నన్నాళ్లే. ఫోన్ మార్చిన రోజున అది కూడా మామూలు పవర్ బ్యాంకు అయిపోతుంది. రెండేళ్ల ఫోన్‌ని ఇంకో రెండేళ్లు వాడదామనుకుంటే దండగ కాదు. ఈ ఏడే మార్చే ఆలోచన ఉంటే మాత్రం దీని జోలికి వెళ్లకండి.

ఇక కొట్టువాడు చూపించిన 65 వాట్లది. ఎక్కువ వాట్లది పెడితే ఫోన్ కాలిపోతుందన్న భయం వద్దు. బేరంలో ఎంత తీసుకోవాలో నిర్ణయించేది ఫోనే, తనకు కావాల్సినదానికంటే ఎక్కువ అది అడగదు. ఆ ధీమాలోనే దాని లోపం కూడా ఉంది. 9 వోల్టులు 2 యాంపియర్లు చాలనుకునే ఫోన్‌కి 20 వాట్లదైనా 65 వాట్లదైనా ఒకటే. లాప్‌టాప్ కూడా మోసుకెళ్లేవాళ్లకి అది మంచి వస్తువు. మీ ఉత్తరంలో లాప్‌టాప్ ఊసే లేదు. అరకిలో దాటే బరువు మటుకు గ్యారంటీగా వస్తుంది. పేరున్న కంపెనీ అయితే ఏ భయమూ లేదన్న మాట కూడా పూర్తిగా నమ్మకండి. 2025 జూన్‌లో ఆంకర్ లాంటి పెద్ద కంపెనీయే అమెరికాలో పవర్‌కోర్ 10000 మోడల్‌ని, సెల్స్ వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఉందని, 11 లక్షలకు పైగా వెనక్కి పిలవాల్సి వచ్చింది. నా దృష్టిలో పేరున్న కంపెనీతో లాభం ఏమిటంటే తప్పు జరిగితే పిలిచి చెప్పే నాథుడు ఉంటాడు. మీ దగ్గరున్న దాని మోడల్ నంబరు కూడా ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఒకసారి కొట్టి చూడండి, రెండు నిమిషాల పని.

వైర్‌లెస్‌ది మీకు నప్పదు. వైరు లేని సుఖానికి శక్తి ఎక్కువ వృథా అవుతుంది, ఆ వృథా అంతా ఫోన్ వీపు మీదే వేడిగా తేలుతుంది. పైగా మీ ఫోన్‌కి అసలు వైర్‌లెస్ చార్జింగ్ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ చర్చే అనవసరం.

వేడి అన్నాను కాబట్టి, మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర ఆగాలి. బండి హ్యాండిల్‌కి ఫోన్ తగిలించి, మ్యాప్ పెట్టుకుని, పవర్ బ్యాంకు డిక్కీలో వేసి వైరు లాగి చార్జింగ్ పెడుతున్నానని రాశారు. ఎండలో ఉన్న ఫోన్, పూర్తి వెలుతురుతో స్క్రీన్, ఆగకుండా జీపీఎస్, వీటికి తోడు చార్జింగ్. ఆ వేడికి ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి చార్జింగ్ తగ్గించేస్తుంది, ఒక్కోసారి పూర్తిగా ఆపేస్తుంది. అప్పుడు 10 వాట్లది పెట్టినా 100 వాట్లది పెట్టినా ఒకటే. మ్యాప్‌ని చెవిలో వినిపించుకుంటూ, ఫోన్‌ని నీడలో, గాలి తగిలేలా పెట్టగలిగితే మీకు కొత్త పవర్ బ్యాంకు చేసే మేలులో సగం అక్కడే జరుగుతుంది. పవర్ బ్యాంకుని డిక్కీలో మాత్రం వదలకండి. ఎండలో నిలబెట్టిన బండి సీటు కింద పెట్టడమంటే లిథియం బ్యాటరీని చేతులారా చంపుకోవడమే. ఎప్పుడైనా అది ఉబ్బినట్టు, బల్ల మీద పెడితే ఊగుతున్నట్టు అనిపిస్తే ఆ క్షణం నుంచి వాడొద్దు, నింపొద్దు, చెత్తబుట్టలోనూ వేయొద్దు. పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి.

ఇంకో చిన్న కిటుకు. ఏ ఫాస్ట్ చార్జింగ్ అయినా ఆ వేగం మొదటి సగంలోనే చూపిస్తుంది. 80 శాతం దాటాక అన్నీ మెల్లగానే ఎక్కుతాయి. చేతిలో ఉన్న అరగంటని 30 నుంచి 65కి తీసుకెళ్లడానికి వాడండి, 85ని నూరు చేయడానికి కాదు.

మీవారి సలహా సంగతి. ఫోన్ మార్చమనడంలో కొంత న్యాయం ఉంది, కానీ మొత్తం ఫోన్ అక్కర్లేకపోవచ్చు. సెట్టింగ్స్‌లో బ్యాటరీ ఆరోగ్యం అని కనిపిస్తే చూడండి. 80 శాతానికి తగ్గితే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ ఒక్కటే మార్పించుకోవచ్చు. మధ్యాహ్నం మూడు కాస్తా సాయంత్రం ఐదో ఆరో అవుతుంది, అప్పుడు పవర్ బ్యాంకు అవసరమే సగానికి పడిపోతుంది. 95 ఉందంటే ఫోన్‌ని ఏమీ అనకండి, మీ పనే అంత తినేస్తోంది.

పవర్ బ్యాంకు రాత్రంతా పెట్టినా నిండటం లేదన్నారు కదా. మీ చార్జర్ ఫొటో చూశాను. దాని మీద రెండే లైన్లు ఉన్నాయి: 5 వోల్టులు 2 యాంపియర్లు, లేదా 5–11 వోల్టులు 7.3 యాంపియర్లు. రెండోది సూపర్‌వూక్, తన ఫోన్లకే ఇస్తుంది. మిగతా అందరికీ 10 వాట్లే. 74 వాట్ అవర్ల బ్యాంకుని 10 వాట్లతో నింపడానికి, మధ్యలో పోయేది కలుపుకుంటే, ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. పీడీ ఇచ్చే ఒక మామూలు 20 వాట్ల చార్జర్, ఆ టైప్‌-సి కేబుల్ ఉంటే ఐదు గంటల్లో అయిపోతుంది. ఇంట్లో ఐఫోన్ వాళ్లెవరైనా ఉంటే వాళ్ల 20 వాట్ల చార్జర్‌తో చేసి చూడండి.

విమానం దగ్గర జాగ్రత్త. పవర్ బ్యాంకు చెకిన్ సామానులో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపువి అనుమతి అడగకుండా తీసుకెళ్లొచ్చు, 100 నుంచి 160 మధ్యవాటికి విమానసంస్థ అనుమతి కావాలి, ఆపైన కుదరదు. మీ దగ్గరున్నది 74, ఇబ్బంది లేదు. కొట్టువాడి 27,000ది 99.9, గీత మీద నిలబడి ఉంటుంది. అదే 30,000ది అయితే 111, గీత దాటేసినట్టే. వెనకవైపు ఆ అంకెలు చెరిగిపోకుండా కనపడాలి, చెరిగితే తనిఖీ దగ్గర వాదించి లాభం ఉండదు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో ఎయిర్ బూసాన్ విమానం బయల్దేరకముందే కాలిపోయింది, పవర్ బ్యాంకే కారణమై ఉండొచ్చని దర్యాప్తు అధికారులు చెప్పారు. అప్పటినుంచి నియమాలు బిగిశాయి. కొరియా విమానాల్లో వాటిని తల పైనున్న అరల్లో పెట్టనివ్వరు. చైనా దేశీయ విమానాల్లో, 2025 జూన్ 28 నుంచి, 3సి అనే అక్కడి భద్రతా ధ్రువీకరణ గుర్తు లేనివాటిని ఎక్కనివ్వడం లేదు. ఎమిరేట్స్ అయితే 2025 అక్టోబర్ నుంచి మనిషికి ఒకటే అంటోంది, విమానంలో వాడనివ్వదు కూడా. మీరు రెండోది కొంటే ఇది గుర్తుంచుకోండి. ఒకటి మీ దగ్గర, ఒకటి నాన్నగారి దగ్గర ఉంచితే సరి. టికెట్ ఏ సంస్థదో వాళ్ల వెబ్‌సైట్‌లో ముందురోజు ఒకసారి చూసుకోండి, నియమాలు తరచుగా మారుతున్నాయి.

ఇక అన్నయ్య. మీరు "సూపర్" అంటూ పోతే ఏమవుతుందో ఊహించగలను. మీ పుట్టినరోజుకి అలాంటిదే ఇంకొకటి, ఈసారి 30,000ది వస్తుంది. అబద్ధం చిన్నదే, కానీ అది ఆయన చేయగలిగిన సాయాన్ని ఆపేస్తోంది. ఇలాంటి వస్తువులంటే ఇష్టమున్న మనిషికి "నువ్విచ్చింది పనిచేయట్లేదు" అన్న మాట బాధ కలిగిస్తుంది. "అన్నయ్యా, నా ఫోన్‌ది సూపర్‌వూక్ కదా, నీ పవర్ బ్యాంకు టైప్‌-సి పోర్టులో పెడితే పీడీకి ఒప్పుకుంటుందో లేదో తేల్చుకోవాలి, నీ దగ్గర కేబుల్ ఉందా?" అంటే ఆదివారం పొద్దున్నే కేబుల్ పట్టుకుని మీ ఇంట్లో ఉంటారు. పరీక్ష ఆయన చేతే చేయించండి. ఒప్పుకోలేదని తేలినా ఆ మాట మీరు చెప్పనక్కర్లేదు, ఫోనే చెబుతుంది.

చెప్పడం ఇష్టం లేకపోతే, చిన్నది విడిగా కొనుక్కుని పెద్దదాన్ని ప్రయాణాలకు వాడటంలోనూ తప్పు లేదు. కానీ అప్పుడు ఆయన అడిగినప్పుడు దొరికిపోయేలా కాకుండా, "రోజూ మోయలేకపోతున్నాను, ఊళ్లకి వెళ్లేటప్పుడు మాత్రం నీదే" అని మీరే ముందు అనేయండి. అది అబద్ధమూ కాదు. ఇక వెనక్కిచ్చి మార్చుకోవడం అంటారా, బిల్లు ఆయన దగ్గర ఉంటుంది, ఆయనకు తెలియకుండా జరగదు.

ఇయర్‌బడ్స్ ఆగిపోవడం పాడవడం కాదు. వాటి డబ్బా తీసుకునే కరెంటు చాలా తక్కువ. ఏమీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంకు తనంతట తాను ఆగిపోతుంది. చాలావాటిలో పక్కనున్న బటన్ రెండుసార్లు వెంటవెంటనే నొక్కితే, కొన్నిటిలో కాసేపు నొక్కి పట్టుకుంటే, తక్కువ కరెంటు మోడ్ వస్తుంది, లైటు రంగు మారుతుంది. మీ దాని కాగితంలో ఏది రాసి ఉందో చూసి చేయండి. పని అయ్యాక మళ్లీ అలాగే నొక్కి మామూలుకి తెచ్చుకోండి. ఆ మోడ్‌లో ఫోన్ పెడితే ఫాస్ట్ చార్జింగ్ రాకపోవచ్చు.